ఎనభై ఏడో వ్యాసం నిజం చెప్పింది

విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష రోజున, సిద్ధాంత గ్రంథం చివరి జాబితాలో పేరున్న పరిశోధనా వ్యాసాలన్నీ స్వయంగా వచ్చి కుర్చీల్లో కూర్చుంటాయి. ఆ బుధవారం జంతుశాస్త్ర విభాగానికి నూట నలభై రెండు వచ్చాయి. అటెండరు హాజరు వేసుకుని తలా ఒక టీ ఇచ్చాడు. రష్యన్ వ్యాసం ఒకటి చక్కెర వద్దంది.

పరీక్ష ఇందుమతిది. నాటుకోళ్ల కూత మీద ఆరేళ్లు పనిచేసింది. ఇవాళ పట్టా వస్తే సోమవారం కాలేజీలో ఉద్యోగం. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

నిబంధన ప్రకారం ప్రతి వ్యాసాన్నీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఈమె మిమ్మల్ని చదివిందా?" వ్యాసం మర్యాదగా తలూపుతుంది. నిజానికి ఆ జాబితా ఇందుమతికి తన గైడు విశ్వంభరం గారి గ్రంథం నుంచి, ఆయనకు వాళ్ల గైడు గ్రంథం నుంచి, అచ్చుతప్పులతో సహా వచ్చింది. కాదంటే ఉన్న పేరు కూడా పోతుందని వ్యాసాలకు తెలుసు. ఎనభై ఆరు చకచకా తలూపాయి.

ఎనభై ఏడోది లేచి నిలబడింది. తొమ్మిది పేజీల బక్క వ్యాసం, అచ్చయి యాభై ఏళ్లు.

"చదివిందండీ! నిజంగానే చదివింది!" అని గంతేసింది. "ఆరో పేజీ పక్కన పెన్సిల్‌తో 'అరె, భలే!' అని రాసింది. నా రెండో పట్టికలో తప్పు కూడా పట్టింది, బంగారుతల్లి!"

విశ్వంభరం గారితో సహా పరీక్షకులు ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ పట్టిక తప్పుతో సహా ముగ్గురి గ్రంథాల్లోనూ ఉంది. విశ్వంభరం గారి దాంట్లో రెండుసార్లు ఉంది.

"ఎందుకు చదివావమ్మా?" నొచ్చుకుంటూ అడిగారాయన.

"తునిలో రైలు ఆగిపోయింది సార్. సంచిలో అదొక్కటే ఉంది. మొదలుపెట్టాక వదలబుద్ధి కాలేదు."

ఈలోగా మిగతా వ్యాసాలు ఎనభై ఏడోదాన్ని చుట్టుముట్టాయి. చదివితే ఎలా ఉంటుందని అడిగాయి. చక్కిలిగింతలు పెట్టినట్టుంటుందని అది చెప్పగానే గదంతా నవ్వులే నవ్వులు. ముసలి జర్మన్ వ్యాసం సిగ్గుపడి అట్ట మూసుకుంది.

పావుగంట తర్వాత తీర్పు వచ్చింది. మొదటి తప్పు కనుక అభ్యర్థిని క్షమించడమైనది. అభ్యర్థితో పరిచయం ఉన్నందున ఎనభై ఏడో వ్యాసాన్ని జాబితా నుంచి తొలగించడమైనది. ఇకపై ఇలా జరగదని అభ్యర్థి నాలుగు పేజీల హామీపత్రంపై సంతకం చేయవలెను.

ఇందుమతి దిగులుగా వ్యాసం వంక చూసింది.

"జాబితా పోతే పోయిందిలే అమ్మా, నన్ను చదివావు, అది చాలు. నీ ఉద్యోగం చూసుకో," అంది వ్యాసం.

ఇందుమతి మొదటి మూడు పేజీలూ చూడకుండా సరాసరి నాలుగో పేజీకి తిప్పి సంతకం పెట్టింది.

పరీక్షకులు లేచి చప్పట్లు కొట్టారు. విశ్వంభరం గారికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. "ఇప్పుడు డాక్టరువయ్యావమ్మా," అన్నారు.