ట్యాంకరుకు పెట్టిన గురి

శుక్రవారం పొద్దున ఆంజినప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి మిద్దె ఎక్కాలి, రెండు దుర్భిణీల్లోంచి చూడాలి, ఒకటి ఎంచుకోవాలి, దిగి వచ్చి ఉగ్గాని తినాలి. ఇందులో అనుకున్నట్టు జరిగింది మిద్దె ఎక్కడం ఒక్కటే.

ఆయన గుంతకల్లు రైల్వేలో గుమాస్తా. వచ్చే నెల రిటైరవుతాడు. ఉద్యోగులంతా కలిసి పెట్టుకున్న రైఫిల్ క్లబ్బు ఏటా జరిపే పాయింట్ టూటూ తుపాకి పోటీలో తొమ్మిదేళ్లుగా ఆయనది నాలుగో స్థానం. బహుమతులు మూడే. మొదటి కప్పు ఎప్పుడూ లోకో షెడ్డు నారాయణస్వామిదే. దాన్ని చంకన పెట్టుకుని వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఏడు నీదేలే, ఆంజినప్పా" అని భుజం తట్టి మరీ పోతాడు. ఈసారి ఇక వచ్చే ఏడు లేదు. ఆదివారం కప్పు కొట్టకపోతే ఆ తట్టించుకున్న భుజంతోనే రిటైరవ్వాలి.

చూపు కాస్త మందగించింది కాబట్టి తుపాకికి దుర్భిణి బిగిస్తే పని జరుగుతుందని ఆయన నిశ్చయించుకున్నాడు. కళ్లజోళ్ల అంగడి ఖాజా పీర్ రెండు తెప్పించి చేతిలో పెట్టాడు.

"ఒగటి నాలుగింతలు చూపిస్తాది, ఇంగోటి పన్నెండింతలు. శనివారం సాయంత్రంలోగా ఏదో ఒగటి ఖాయం చెయ్యన్నా. నేనే వచ్చి తుపాకికి బిగిస్తా."

పోటీ గురించి క్లబ్బు పంపినవి రెండు కాగితాలు. మొదటిదాంట్లో తేదీ, వేళ ఉన్నాయి. అది చదివాడు. రెండోదాంట్లో నిబంధనలు ఉన్నాయి. తొమ్మిదేళ్లు కాల్చినవాడికి ఒకరు నిబంధనలు చెప్పేదేమిటని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిద్దె మీద పిట్టగోడకు మోచేతులు ఆనించి, పన్నెండింతల గొట్టం కంటికి పెట్టుకున్నాడు. గుత్తి రోడ్డు మీది నీళ్ల ట్యాంకరు ముక్కు ముందుకొచ్చి నిలబడింది. డ్రైవరు మీసం కూడా కనిపించింది. ఉండబట్టలేక, "ట్యాంకరొచ్చె!" అని అరిచాడు.

ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియని కాలనీలో అరవదగ్గ మాట కాదది. పొయ్యి మీది పాలు పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లంతా బిందెలతో వీధిలోకి ఉరికారు. ట్యాంకరేమో కిలోమీటరు అవతల టీ అంగడి ముందు ఆగి ఉంది. అది వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా ఆరిళ్లలో పాలు పొంగిపోయాయి.

"ఏమప్పా ఆంజినప్పన్నా! యాడుండాదో సరిగ్గా చూసి చెప్పొద్దా?" అంటూ ఎదురింటి రత్నమ్మ మిద్దె ఎక్కి వచ్చింది. కాలనీలో బిందెల వరస ఆమె చెప్పినట్టే నడుస్తుంది.

"దీంట్లో అట్లే కనపడతాది తల్లీ. ఆడుండేది ఈడున్నట్టే ఉంటాది."

"అయితే ఆ ఇంగోదాంట్లో చూడు."

నాలుగింతల గొట్టంలో రోడ్డు, మలుపు, టీ అంగడి అన్నీ కనిపించాయి. మలుపు నుంచి కాలనీకి ఎన్ని నిమిషాలో రత్నమ్మ అప్పటికప్పుడే లెక్క కట్టింది. "రాసుకునేదానికి కాగితముంటే ఇయ్యన్నా" అంది. నిబంధనల కాగితం వెనకవైపు తెల్లగా ఉంది. ఆంజినప్ప ఇచ్చేశాడు.

శనివారం పొద్దున ఆయన మిద్దె ఎక్కేసరికి ఆయనకే చోటు లేదు. రత్నమ్మ, వెనక వీధి హబీబా, వాళ్ల వెంట మరో పదిమంది ఉన్నారు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ వచ్చినవాళ్లందరికీ ఉగ్గాని పెడుతోంది. పెద్ద గొట్టం వెనక వీధికి, చిన్నది ముందు వీధికి అని పంపకాలు కూడా అయిపోయాయి.

"అమ్మా, నాకు రేపే పోటీ! ఏదో ఒగటి ఖాయం చేసుకోవల్ల!" అన్నాడు ఆంజినప్ప.

"ఖాయం చేసేదేముండాదన్నా?" అంది రత్నమ్మ గొట్టం మీంచి కన్ను తీయకుండా. "పెద్దదాంట్లో మీసం తప్ప ఏమీ కనపడదు. చెయ్యి రవ్వంత కదిలిందంటే ఆ మీసమూ పోతాది. చిన్నదే మేలు."

తాను తేల్చుకోలేక తల బద్దలుకొట్టుకుంటున్న సంగతిని, తుపాకి ముట్టని మనిషి ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆంజినప్పకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. "అయితే ఆ చిన్నది ఇట్లియ్యమ్మా" అన్నాడు.

"ట్యాంకరొచ్చినాక ఇస్తా."

ఆ రోజు ట్యాంకరు రాలేదు. సాయంత్రం ఖాజా పీర్ స్క్రూడ్రైవరుతో వచ్చేసరికి ఆంజినప్ప ఉత్త చేతులతో గడపలో కూర్చుని ఉన్నాడు. "నువ్వన్నా చెప్పవే" అని భార్యను బతిమాలాడు.

"ఇంట్లో చుక్క నీళ్లు లేవు, నీకు తుపాకి కావాల్నా? ఎవరన్నా వింటే నగుతారు" అని ఆమె లోపలికి పోయింది.

ఖాజా పీర్ అంగడికి తిరిగిపోయి ఈ వింత నలుగురికీ చెప్పాడు. అది లోకో షెడ్డుకు చేరేసరికి డ్రైవరు మీసానికి టీ నురగ కూడా అంటుకుంది. నారాయణస్వామికి అన్నం సహించలేదు. 'ఆంజినప్ప దుర్భిణి తెచ్చినాడంటే ఈ ఏడు రూలు మారినట్టే. గుమాస్తా కదా, కాగితం చదవకుండా అడుగెయ్యడు' అనుకుని, పరుగున వెళ్లి పదహారింతలది కొన్నాడు. తుపాకి మీద గురి చూసుకునే పాత సైటు ఊడదీయించి దీన్ని బిగించుకున్నాడు. ఆయన కొన్నాడని తెలిసి, ఏటా రెండు, మూడు స్థానాలు కొట్టే ఇద్దరూ కొన్నారు. ఖాజా పీర్‌కు రొట్టె విరిగి నేతిలో పడింది.

ఆదివారం ఆంజినప్ప కాళ్లీడ్చుకుంటూ పోటీకి వెళ్లాడు. ముగ్గురి తుపాకుల మీదా నల్లగా మెరుస్తున్న గొట్టాలను చూసి, ఈసారీ నాలుగోదే అనుకున్నాడు. ఇంతలో రిఫరీ వచ్చి ముగ్గురినీ పక్కకు పిలిచాడు.

"దుర్భిణి బిగించిన తుపాకి దీంట్లో పనికిరాదప్పా. మామూలు సైటుతోనే కాల్చల్ల. కాగితంలో రాసి పంపినాం గదా, మీరు చదవలేదా?"

ముగ్గురి పాత సైట్లూ వాళ్ల వాళ్ల ఇళ్లలో భద్రంగా ఉన్నాయి. నారాయణస్వామి ఆంజినప్ప వైపు తిరిగాడు.

"నీ గొట్టం యాడప్పా?"

"మిద్దె మీదుండాది. ట్యాంకరు కోసరం చూస్తాండారు."

"ఊరంతా చాటింపేసి మాతో కొనిపిచ్చి, నువ్వు మటుకు ఉత్త తుపాకితో వచ్చినావా? ఎంత జిత్తులమారివప్పా!"

అంతవరకూ ఆంజినప్పను జిత్తులమారి అన్నవాడు లేడు. ఆ మాటకు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత ఏటా కాల్చినట్టే కాల్చాడు, ఏటా వచ్చే మార్కులే వచ్చాయి. పై ముగ్గురూ లేని పోటీలో మొదటి స్థానానికి అవే చాలాయి. కప్పు చంకన పెట్టుకుని వెళ్తూ వెళ్తూ ఈసారి ఆంజినప్పే నారాయణస్వామి భుజం తట్టాడు. "వచ్చే ఏడు నీదేలే, స్వామీ."

ఇంటికొచ్చేసరికి వీధి నిండా జనం. తన కోసమేనేమో అని ఒక్క క్షణం భ్రమపడ్డాడు. మిద్దె మీంచి రత్నమ్మ, "మలుపు తిరిగింది! ఆరు నిమిషాలు!" అని కేకేసింది. లక్ష్మీదేవమ్మ ఎదురొచ్చి, కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బ, బాగుండాదే! లోపల్నుంచి బిందె తెచ్చేదాకా మన చోటు పోకుండా ఉంటాది" అని తీసుకుపోయి వరసలో పెట్టింది.

తొమ్మిదేళ్లు కలలోకొచ్చిన కప్పు ప్లాస్టిక్ బిందెల మధ్య ధగధగా మెరుస్తోంది. ఆంజినప్ప వరస మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. నాలుగో స్థానం.