పందికి తగిన తూటా

కోరమీద భూమిని మోసి కూర్మితోడ
జగము గాచిన సామి, నీ జాతివారు
నేలనిచ్చట నిత్యము నెత్తుచుండ
గింజ మొలిపించి మమ్మేలు కిరివరేణ్య!

స్తుతి అయింది. ఇక విషయానికి వద్దాం.

అడవిపందిని కొట్టడానికి చిన్న రైఫిల్లో ఏ తూటా వేయాలో ఇంతవరకు తేలకపోవడం మానవజాతి చేసుకొన్న పుణ్యం! ఈ మాటకు కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించనివ్వండి. టెక్సస్‌లో, లవాకా నది దిగువన, మా ఊరివారు ఈ పుణ్యఫలాన్ని చాలాకాలంగా అనుభవిస్తున్నారు. అనుభవించినవారికే తెలుస్తుంది దాని రుచి.

తేలిపోయిందే అనుకొందాం. ఒకే రకం తూటా, ఒకే పెట్టె, కొనుక్కొని ఇంటికి పోవడం. అప్పుడు ఓర్విల్ టక్‌నెస్ కొట్టులో బల్లకు మోచేయి ఆనించి నిలబడే పని ఎవరికి ఉంటుంది? విత్తనాలు, దాణా, తూటాలు ఒకే కప్పు కింద అమ్మే ఆ మహానుభావుడు పొద్దుటినుంచి కాఫీ కాచేది ఎవరికోసం? అల్లుడి సంగతి, ఎన్నికల సంగతి, మోకాలి నొప్పి సంగతి మరచిపోయి పెద్దమనుషులు ప్రశాంతంగా పోట్లాడుకోవడానికి ఇంతకన్నా పవిత్రమైన వేదిక ఏది?

పైగా ఇది విద్య! తూటాను ఇక్కడ ‘గ్రెయిన్’ లెక్కన తూస్తారు. గ్రెయిన్ అంటే మరేమీ కాదు, గింజ. మన కంసాలి బంగారాన్ని గురిగింజతో తూచినట్టే ఒకానొక కాలంలో ఎవరో ధాన్యపు గింజను ప్రమాణంగా పెట్టుకొన్నారు. యాభై అయిదు గింజల తూటా తేలిక, పరుగు ఎక్కువ. డెబ్బై ఏడు గింజలది బరువు, నడక నిదానం. మెత్తని సీసపు ముక్కుది ఒకటి, బోలు ముక్కుది మరొకటి, నిలువెల్లా రాగిది వేరొకటి. వేదానికి ఉన్నట్టే దీనికీ శాఖలున్నాయి. శాఖకొక భాష్యం, భాష్యానికొక ఖండన. మగపంది భుజం మీద పెచ్చుకట్టిన తోలును తూటా చీల్చగలదా లేదా అన్నది మూలసూత్రం. తక్కినదంతా వ్యాఖ్యానమే. ద్వైతులూ అద్వైతులూ కూడ ఇంత శ్రద్ధగా వాదించుకొన్నారా అని నాకు అనుమానం.

ఓర్విల్‌ది తేలిక తూటా సంప్రదాయం. ఆయన దగ్గర కాఫీ తాగుతూ ఆయననే ఖండించే లియో మాహలాది బరువు తూటా సంప్రదాయం. ఇద్దరూ ఆదివారం ఒకే చర్చిలో, ఒకే బల్ల దగ్గర మోకరిల్లుతారు. దేవుడి విషయంలో వారికి ఏ భేదాభిప్రాయమూ లేదు. భేదమంతా పంది విషయంలోనే. ఇది శాంతి కాదా?

ఈ శాస్త్రచర్చ వల్ల విశేషంగా లాభపడిన వ్యక్తి ఎల్విరా మాహలా. లియోకు స్వయానా వదిన, అన్నగారు పోయిన తరువాత నది ఒడ్డున పొలాన్ని ఒంటి చేత్తో సాగుచేసుకొంటున్న మనిషి. ఆ పొలంలో పండే మొక్కజొన్నే చలికాలంలో ఆమె దూడలకు మేత. ఈ మార్చిలో ఆమె విత్తిన మర్నాడే పందులు దిగాయి. పంది ఎంత క్రమశిక్షణ గల జీవో మీరు చూడాలి! సాలు మొదట్లో ముట్టె ఆనిస్తే చివరిదాకా వంకర పోదు. ఒక్కొక్క గింజనే ఏరుకొంటూ, మధ్యలో ఎక్కడా సాలు తప్పకుండా, భోజనం ముగిస్తుంది. ఈ గింజ తేలికా బరువా అని వాటిలో ఏ ఒక్కటీ ఆగి ఆలోచించినట్టు దాఖలా లేదు.

ఎల్విరా మళ్లీ విత్తింది. ఇదే ఆఖరు. ఇంతకన్నా ఆలస్యమైతే కండె పాలు పోసుకొనే వేళకు జులై ఎండ వచ్చి కూర్చుంటుంది. ఈ విత్తనమూ పోతే దూడలను తోలుకొనిపోయి అమ్ముకోవడమే. అందుకని ఆమె ఓర్విల్ కొట్టుకు వచ్చి, కాఫీ కూడ పుచ్చుకోకుండా, మరిది ముందు నిలబడింది.

“లియో, తెల్లారేసరికి మీరిద్దరూ వచ్చి ఆ మందను కాస్త కొట్టిపెట్టండి.”

“తప్పకుండా వస్తాం వదినా. దేంతో కొట్టాలో తేలనీ.”

“తుపాకీతో,” అన్నది ఎల్విరా.

ఆమె అమాయకత్వానికి కొట్టులో అందరూ జాలిపడ్డారు. తుపాకీ నిమిత్తమాత్రమని, తూటాయే కర్త అని ఆమెకు ఓపికగా బోధించారు. ఆ సాయంత్రం నీళ్ల డబ్బాల మీద పరీక్షలు జరిగాయి. మర్నాడు తడిపిన పాత పేపర్ల కట్టల మీద జరిగాయి. నీళ్ల డబ్బాకు భుజం తోలు ఉండదు గనుక ఆ ఫలితం చెల్లదని లియో కొట్టివేశాడు. తడికాగితానికి ఎముక ఉండదు గనుక ఈ ఫలితమూ చెల్లదని ఓర్విల్ బదులు తీర్చుకొన్నాడు. ఈలోపల ఎల్విరా చీకటి విచ్చకముందే పికప్‌లో పొలం గట్టుకు వెళ్లి, హారన్ మోగిస్తూ, వంటింటి మూకుడు వాయిస్తూ, పందులను తరుముతూ వచ్చింది. మంచి వ్యాయామం. ఆ వయసులో పట్నంలో ఎవరు చేయిస్తారు చెప్పండి?

చివరికి శనివారం ఉదయం శాస్త్రులిద్దరూ దయచేశారు. ఎల్విరా వేడివేడి కొలాచీల పళ్లెం తెచ్చి పికప్ బండి కిందికి వాల్చిన వెనుక తలుపు మీద పెట్టింది. పండుగుజ్జు నింపిన ఆ రొట్టెలను తింటూనే ఓర్విల్ తన ఏర్పాటును వివరించాడు. ఎవరికీ అన్యాయం జరగకుండా అన్ని రకాల తూటాలనూ ఒకే రైఫిల్లో కలిపి పేర్చాడట. వరసగా ఒక్కొక్కటే కాల్చి, ఏది నెగ్గితే దానికి అందరూ తలవంచాలట.

లియో వరస చూశాడు. మొదటిది తేలిక తూటా. వెంటనే అన్నీ బయటికి తీసి, ముందు పేలేలా వాటిలోని బరువు తూటాను పైన పెట్టాడు. ఓర్విల్ మళ్లీ తీశాడు. సరిగ్గా అప్పుడే నదివైపు పొదల్లోంచి పెద్ద ఆడపంది తల బయటపెట్టింది. దాని వెనుక మంద. నేరుగా కొత్త సాళ్లలోకి.

“ముందు నాదే పడాలి,” లియో గుసగుసగా అన్నాడు. “నీ దోమకాటు ముందు తగిలితే అది నదిలోకి దూకుతుంది. నాకు గురెక్కడ దొరుకుతుంది?”

“నీదే ముందైతే చచ్చింది తూటాకో, నీ కబుర్లకో ఎట్లా తెలిసేది లియో?”

తీశారు, పేర్చారు. మళ్లీ తీశారు, మళ్లీ పేర్చారు. పందులు మాత్రం ఒక సాలు ముగించి రెండో దానికి వచ్చాయి. ఇద్దరూ చేతులు తుడుచుకొని, కొలాచీలో గసగసాల గుజ్జు మంచిదా ఆల్‌బుఖారా గుజ్జు మంచిదా అన్న ఉపచర్చలో పడిన క్షణాన ఎల్విరా ఆ రైఫిల్‌ను అందుకొని, బానెట్ మీద మోచేతులు ఆనించి కాల్చింది.

ఆడపంది సాలులోనే ఒరిగిపోయింది. మంద మొత్తం నది దాటి ఆవలి అడవిలో మాయమైంది.

పొలం దక్కిందని ఆమె ఊపిరి పీల్చుకొన్నది. శాస్త్రులు మాత్రం పంది దగ్గరికి పరుగెత్తారు. తగిలిన తూటా ఏది? ఓర్విల్ తన తూటాలన్నిటినీ ఇంట్లోనే ఒకే రకం ఇత్తడి గుల్లల్లో కూర్చుకొంటాడు గనుక ఖాళీ గుల్ల నోరు విప్పలేదు. ఆఖరున పైన పెట్టినది ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు. పంది ఒంట్లో వెతుకుదామంటే తూటా ఆ వైపునుంచి ఈ వైపుకు దూసుకొనిపోయి నేలలో దిగబడింది.

నేలలో! ఇద్దరి కళ్లూ మెరిశాయి. పికప్‌లోంచి పారలు దిగాయి. ఒకరు ఇటునుంచి, ఒకరు అటునుంచి, సాలు వెంట, వంకర పోకుండా, మట్టిని తిరగవేస్తూ బయలుదేరారు. తెల్లగా మొలక తొంగిచూస్తున్న గింజలు వారి పారల కింద ఎగిరిపడుతున్నాయి. మొదటి సాలు ముగిసింది. రెండో సాలు మొదలైంది. పందులే నయం, అవి హారన్‌కు బెదిరేవి.

“లియో,” అని పిలిచింది ఎల్విరా.

“ఉండు వదినా, ఇక్కడే ఎక్కడో ఉంది.”

“ఈ తుపాకీలో ఇంకా తూటాలున్నాయి. ఏ రకమో నాకు తెలీదు. మీకు ఏదైనా సరిపోతుందనుకుంటా.”

పారలు ఆగిపోయాయి. ఆ తరువాత చాలాసేపు తేలిక సంప్రదాయమూ బరువు సంప్రదాయమూ పక్కపక్కనే మోకాళ్ల మీద నడుస్తూ, ఒక్కొక్క గింజనే ఏరి, మట్టిలో పెట్టి, వేలితో అదిమాయి. చర్చిలో కూడ వారు అంత భక్తిగా మోకరిల్లగా ఎవరూ చూడలేదు.

మొక్కజొన్న నిలువెత్తు లేచింది. దూడలు అమ్ముడుపోలేదు. ఓర్విల్ కొట్టులో చర్చ మునుపటికన్నా ఆరోగ్యంగా సాగుతున్నది. తీర్పు చెప్పగల ఒకే ఒక్క తూటా ఆ పొలంలోనే ఉండిపోయింది కదా! కంకులు విరిచే రోజున నేనే వెళ్లి ఎల్విరాను అడిగాను, ఇంతకూ పందికి ఏ తూటా మంచిదమ్మా అని.

“తుపాకీలోంచి బయటికొచ్చేది,” అన్నది.

ఈ కథ విన్నవారి సాళ్లు చివరిదాకా పచ్చగా నిండుగాక. పొరుగింటివారు సాయానికి పిలిచినప్పుడు వారి నాలుకకన్నా ముందు వారి కాళ్లు కదులుగాక. సర్వులకూ శుభం కలుగుగాక!