తేనె రంగు సోలు

పళ్ల సెట్లు తయారుచేసే టెక్నీషియన్ ఆ ఆదివారం ఉదయానికి వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి: స్నానం చేయడం, బీరువా మీది పెట్టె దించడం, పదకొండింటికల్లా పాత బాస్కెట్‌బాల్ బూట్లు సేకరించేవారి సంఘానికి చేరడం. మొదటిది నిర్విఘ్నంగా ముగిసింది. రెండవది సగమే అయింది. పెట్టె దిగింది గాని అందులో బూట్లు లేవు.

జ్ఞాపకానికి రంగు ఉంటుందనడానికి శాస్త్రీయమైన ఆధారమేమీ లేదు. అతని జ్ఞాపకానికి మాత్రం ఉంది. ముప్పై ఏళ్ల కిందట కాలేజీ జట్టులో అతను ఎక్స్‌ట్రా ఆటగాడు. మూడేళ్లలో ఒక్కసారైనా కోర్టులో అడుగుపెట్టలేదు. గీత బయట కూర్చున్నవాడికి ఆట కంటె కాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. అతనికి కనిపించినవి కెప్టెన్ కాళ్లకున్న బూట్లు: తెల్లటి తోలు, ముదురు ఆకుపచ్చ మడమ, లేసుల కింది నాలుక చుట్టూ ఇటుక రంగు అంచు. అదే మోడల్ తరువాత పదకొండు రకాల రంగుల్లో వచ్చింది. ఆ పదకొండింటినీ అతను బూట్లుగా గుర్తించలేదు. నాలుగేళ్లు వెతికి, ఆనాటి రంగులతో, ఎవరూ తొడగని అసలు జతను సంపాదించాడు. ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు ఆ కెప్టెనే. అతను పరీక్షించి 'అసలుది' అంటే, ఆ జతను అద్దాల అరలో, కాలేజీ ఫైనల్లో తొడిగానని కెప్టెన్ చెప్పే జత పక్కనే నిలబెడతారు. ఒక్క మాట. ఆ నోటి నుంచి ఆ ఒక్క మాట వినాలని ఇతని తాపత్రయం.

"ఏయ్, పెట్టెలో బూట్లేవీ?"

"బాల్కనీలో ఉన్నాయండీ. అమ్మ ఎండలో పెట్టింది," అంది భార్య.

బాల్కనీలో బూట్లు ధగధగలాడుతున్నాయి. ముప్పై ఏళ్లపాటు నెమ్మదిగా తేనె రంగుకు తిరిగిన అడుగు సోళ్లు పాలలా తెల్లబడ్డాయి. పక్కనే అత్తగారు తృప్తిగా నిలబడి ఉన్నారు.

"చూశారా బాబూ! నలుగురిలోకి పట్టుకెళ్తారని అమ్మాయి చెబితే తీసి చూశాను. అబ్బబ్బ, ఎంత గార! నా పళ్ల సెట్టు కడుక్కోడానికి మాత్రలిచ్చారు కదా, అవి నాలుగేసి నిన్నంతా నానబెట్టాను."

"అత్తయ్యా, అది గార కాదు! వయసు!"

"నా పళ్లకున్నదీ వయసే కదా బాబూ. వదిలించుకోమన్నది మీరే."

తర్కంలో లోపం లేదు. అతను నేల మీద కూలబడ్డాడు.

"తెల్లగా ఉంటే కొత్తవనుకుంటారు. మంచిదేగా?" అంది భార్య.

"కొత్తవనుకుంటే నా కొంప మునిగినట్టే! దొంగ సరుకంటారు."

పావుగంట తల పట్టుకున్న తరువాత వృత్తి గుర్తుకు వచ్చింది. మనిషి పంటిలో పసుపు ఎన్ని రకాలుగా ఉంటుందో అతనికంటె బాగా ఎరిగినవారు ఆ వీధిలో లేరు. పనిగదిలోంచి పళ్లకు వేసే రంగులు తెచ్చి, సన్న కుంచెతో సోళ్లకు పూసి, భార్యకు చూపించాడు.

"ఎడమది సిగరెట్లు తాగేవాడి పన్నులా ఉందండీ."

"కుడిది?"

"మానేసినవాడిది."

రెండింటినీ సమానం చేసేసరికి పదయింది. రంగు ఇంకా తడిగానే ఉంది. అచ్చులు ఆరబెట్టే పొయ్యిలో అరగంట ఉంచాడు. సోలు లోపల నీళ్లు తాగిన పాత నురుగుకు, అంటే ఫోముకు, వేడి తగిలితే ఏమవుతుందో అతనికి తెలియకపోదు. కాని నిరాశలో ఉన్న మనిషి తనకు తెలిసినదానిలో సగమే వాడతాడు.

సంఘం హాలులో పాతికమంది పాతిక పెట్టెలతో కూర్చున్నారు. కెప్టెన్ భూతద్దం తుడుచుకుంటూ లేచాడు.

"ఏరా ఎక్స్‌ట్రా! ఇన్నాళ్లకి ఆటలోకి దిగావా?"

అందరూ నవ్వారు. ఇతనూ నవ్వాడు, మూడేళ్లు నవ్విన అలవాటు కొద్దీ.

కెప్టెన్ సోలు మీద భూతద్దం ఆనించి చాలాసేపు చూశాడు. "చూడండి ఈ పసుపు! ఎవడో కుంచె పట్టుకుని వేస్తే వచ్చేది కాదిది. కాలం వెయ్యాలి." అలవాటు ప్రకారం మడమ దగ్గర సోలును బొటనవేలితో నొక్కాడు.

వేలు కణుపు దాకా లోపలికి దిగింది. సోలు బిస్కెట్టులా విరిగి, రాలి, బల్ల మీద కుప్పయింది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది తనంతట తనే రాలిపోయింది.

"నేనేం చెయ్యలేదురా! ముట్టుకున్నానంతే!" అన్నాడు కెప్టెన్.

ఇతను ముక్కలను తిరిగి అతికించబోయాడు. పెద్దవి చిన్నవయ్యాయి, చిన్నవి పొడి అయ్యాయి. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. "నీ తప్పు కాదురా. మా అత్తగారు నానబెట్టింది. రంగు నేనే వేశాను. పొయ్యిలో నేనే పెట్టాను. పైన కనపడేదంతా దొంగే," అన్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు ఫోమ్ పరుపుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసే సభ్యుడు. చిటికెడు పొడి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "పైన రంగు ఎవరు వేస్తే నాకేం? లోపలిది పాలీయురేథేన్ నురుగు. ఇది గాల్లో తేమ తాగీ తాగీ ఇన్నేళ్లకి పిండి కావాల్సిందే. నానబెట్టకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగేదేమో. ఈ మోడల్‌కి తర్వాత వచ్చిన నకళ్లన్నీ గట్టి రబ్బరండీ, వందేళ్లయినా రాలవు. పిండయిందంటే అసలుదే!"

కెప్టెన్‌కు మరో దారి లేకపోయింది. "అసలుదే," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన మాటను ఇతను పొడికుప్ప వైపు చూస్తూ విన్నాడు.

"మరి మీ జత?" అన్నాడు కెమిస్టు కెప్టెన్‌తో అమాయకంగా.

హాలంతా అద్దాల అర వైపు తిరిగింది. అక్కడ కెప్టెన్ జత నిటారుగా, ఆరోగ్యంగా ఉంది.

"నేను జాగ్రత్తగా దాచాను! తేమ తగలనివ్వలేదు!"

"తేమ లేని గాలి ఈ ఊళ్లో ఎక్కడుందండీ?"

కెప్టెన్ జతను తీసి నొక్కాడు. గుద్దాడు. చివరికి తొడుక్కుని గెంతాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, తన బూట్లు ముక్కలైపోవాలని మనసారా కోరుకుంటూ, నుదురంతా చెమటతో మళ్లీ మళ్లీ గెంతుతున్నాడు. ఒక్క రవ్వ రాలలేదు. చుట్టూ ఉన్న సభ్యులు ఎవరి పెట్టె మూత వారు మెల్లగా మూసుకున్నారు.

"చాల్లేరా, మోకాళ్లు పోతాయి," అన్నాడు ఎక్స్‌ట్రా.

కెప్టెన్ ఆగాడు. "ఫైనల్లో వేసుకున్నవి ఆ ఏడాదే చిరిగిపోయాయిరా. ఇవి తర్వాత కొన్నవి. అసలువేనని ఒట్టేసి మరీ అమ్మాడొకడు," అన్నాడు ఆయాసపడుతూ. అతని కళ్లు చెమర్చాయి.

ఆ మధ్యాహ్నం బూట్లు తొడుక్కుని బయటికి వచ్చినవాడిని, చేతిలో పొడి పొట్లం ఉన్నవాడు బస్‌స్టాపు దాకా ఓదారుస్తూ నడిపించవలసి వచ్చింది.