కిలోకు తక్కువ ఫిర్యాదు

ప్రజలకు తెలియజేయడమేమనగా, కిలోకు తక్కువ తూగే ఫిర్యాదులు ఇకపై స్వీకరించబడవు.

ఈ ప్రకటన మీద సంతకం చేసిన గ్రీవెన్సు అధికారి బాగా చదువుకున్నవాడు. గ్రీవెన్సంటే ఫిర్యాదని మనందరికీ తెలుసు. ఆయన అక్కడితో ఆగక నిఘంటువు తిరగేశాడు. ఆ మాట ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందనీ, దాని మూలం లాటిన్‌లో బరువుకు వాడే మాట అనీ కనిపెట్టాడు. మనసు మీది బరువే గ్రీవెన్సట. మనసును తూచే యంత్రం స్టోర్లో లేదు కాబట్టి కాగితాల్నే తూచమన్నాడు. కౌంటరు మీదికి కాటా వచ్చింది.

బట్టలు కుట్టే ఆవిడ ఫిర్యాదు అయిదు గ్రాములు తూగింది. వీధిలో నీళ్ళ గొట్టం పగిలి నాలుగు నెలలైంది. ఇంటి గోడ నానిపోయి అత్తగారి మంచం వైపు ఒరిగింది. ఇదంతా ఒక్క కాగితంలో సరిపెట్టడం ఆమె చేసిన తప్పు.

"ఇది ఫిర్యాదు కాదమ్మా, గొణుగుడు" అన్నాడు గుమాస్తా.

"గోడ పడిపోయేలా ఉందండీ!"

"పడిపోయేలా ఉన్నదానికి బరువుండదు. పడితే ఉంటుంది."

ఇంటికెళ్ళగానే అత్తగారు అడిగింది. "ఏమన్నారే?"

"బరువు చాలదన్నారత్తయ్యా."

"నన్ను తీసుకెళ్ళి కాటా మీద కూర్చోబెట్టకపోయావా!"

ఆ వారమే ఒక రిటైరైన పెద్దమనిషి, పక్కింటి కోడి కూత మీద పదమూడు కిలోల ఫిర్యాదును ట్రంకు పెట్టెలో మోయించుకొచ్చాడు. అధికారి లేచి నిలబడి, "ఇంత బరువైన పౌరులుండగా మనకేం లోటు!" అని ఉపన్యసించి ప్రశంసాపత్రం ఇచ్చాడు. కోడికి నోటీసు వెళ్ళింది.

మర్నాడు పొద్దున గోడ పడింది. అత్తగారు స్నానానికి వెళ్ళి ఉండటంతో మంచం మాత్రమే విరిగింది. కోడలు ఒక ఇటుక ఏరి, దాని మీద సుద్దతో నాలుగు ముక్కలు రాసి సంచిలో పట్టుకెళ్ళింది. మూడు కిలోలు! గుమాస్తా ఇటుక మీద ముద్ర కొట్టాడు. సాయంత్రానికల్లా గొట్టం బాగుచేశారు. గోడ సంగతి అడిగితే రాతపూర్వకంగా జవాబిచ్చారు: "ప్రస్తుతం గోడ లేనందున గోడకు ప్రమాదం లేదు. ఫిర్యాదు పరిష్కరించబడినది."

ఆ జవాబు చేతబట్టుకుని ఆవిడ బయటికొస్తుంటే, వరసలో పల్చటి కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకావిడ ఉండబట్టలేక అనేసింది.

"పెట్టి పుట్టావమ్మా. మా గోడ ఇంకా పగుళ్ళ దగ్గరే ఉంది."

అందరూ నిట్టూర్చారు. వరస మాత్రం ఎవరూ తప్పలేదు.