ఆపద సంచిలో పద్నాలుగో వస్తువు

తుమ్మలవాగుపల్లె సచివాలయం కప్పు మీద అత్యవసర విచారణ ఉదయం పది గంటల పది నిమిషాలకు, కోరం సరిపోయినందున, సక్రమంగా మొదలైంది. అప్పటికి వాగు నీళ్ళు కింద కిటికీలను దాటాయి. ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కొక్కటే గేటులోంచి తేలి పెద్దదోర్నాల రోడ్డు వైపు వెళ్ళిపోతున్నాయి. పనివేళల్లో అనుమతి లేకుండా కార్యాలయం దాటడం వాటికి అదే మొదటిసారి.

కప్పు మీద ఐదుగురు మనుషులున్నారు. వాళ్ళతో పాటు పదకొండు మేకలు, ఒక సంచి. మేకలు కాపరి లింగయ్యవి. సంచి ప్రభుత్వానిది. మేకలు నోరు మూసుకుని ఉన్నాయి. సంచి మాత్రం నోరు తెరిచి ఉంది. అందులో రెండు మార్కాపురం పలకలు తప్ప ఏమీ లేవు.

ఊరికి ఏమైందని కంగారు పడవద్దు. ఊరు భద్రంగా మిట్ట మీద ఉంది. మునిగింది సచివాలయం ఒక్కటే. వాన పెద్దదవుతోందని, ముందు జాగ్రత్తగా ఆపద సంచి తెచ్చుకుందామని కిందికి దిగినవాళ్ళూ, అప్పటికే అక్కడ ఉన్నవాళ్ళూ మాత్రమే ఆపదలో పడ్డారు. మిట్ట మీద గొడుగులు వేసుకుని నిలబడ్డ జనం వాళ్ళను సెల్‌ఫోన్లలో శ్రద్ధగా వీడియో తీస్తున్నారు.

పంచాయతీ కార్యదర్శి వరప్రసాదం చెవికి ఫోను ఆనించుకుని అటెన్షన్‌లో నిలబడ్డాడు. అవతల ఉన్నది ఆపద సంసిద్ధత ప్రత్యేక పరిశీలకులు.

"మీకు పడవ రాదయ్యా," అన్నారాయన ప్రేమగా. "మీది ఆపద సంచి గ్రామం. స్వయంసమృద్ధి సాధించినవాళ్ళకు పడవ పంపితే సాధించనివాళ్ళకు అన్యాయం కాదూ? సంచి తెరవండి, వాడుకోండి."

"తెరిచినాము సార్. పలకలుండాయి."

"పలకలా? మిగతావి?"

"లేవు సార్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అయితే సంచి విఫలమైందని నివేదిక రాయాలి. అది రాస్తేనే పడవ ఫైలు కదులుతుంది. నివేదికలో 'బాధ్యుడి పేరు' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఫైలు కదలదు. నేను బయల్దేరి వస్తున్నా, పేరు సిద్ధంగా ఉంచు. అన్నట్టు, నీ ప్రొబేషన్ కాగితం కూడా నా సంచిలోనే ఉంది."

వరప్రసాదం గుండె జారి కింద వాగులో పడింది. ఆ కాగితం మీద ఒక్క సంతకం కోసం అతను నాలుగేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. వెలిగండ్లలో ఉన్న నాయన ఫోను చేస్తే 'బాగుండావా' అనడం ఎప్పుడో మానేశాడు. 'పర్మినెంటు అయినావా' అనే అడుగుతాడు.

ఇంతకీ ఆ సంచిని ఆషామాషీగా ఎంపిక చేశారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఎనిమిది నెలలు పట్టింది. తొమ్మిది సమావేశాలు జరిగాయి. మొదటి మూడూ రంగు గురించే. పసుపు అంటే ఒకరు లేచారు, నీలం అంటే ఇంకొకరు లేచారు, ఎరుపు అంటే ఇద్దరు లేచి తమలో తామే కొట్లాడుకున్నారు. రంగుకొక జెండా ఉన్న రాష్ట్రంలో ఏ జెండాకూ అంటని రంగు వెతకడం సామాన్యమా? చివరికి బురద రంగు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అది వరద నీటిలో పడితే కలికం వేసినా కనపడదని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వరద నీటికి పార్టీ లేదు కదా.

తర్వాత దుకాణాలవాళ్ళు తెచ్చిన నమూనాలు వచ్చాయి. సర్పంచి కృష్ణవేణమ్మ. ఆమె సంతకం మినహా సర్పంచి పనులన్నీ ఆమె భర్త వెంకటసుబ్బయ్యే చేస్తాడు కాబట్టి, సంచులను వీపుకు తగిలించుకుని వరండాలో అటూ ఇటూ నడిచి చూపించే బాధ్యత కూడా ఆయనే స్వీకరించాడు. సభ్యులు పెళ్ళికి పట్టుచీరలు చూసినట్టు చూశారు, లాగారు, వెల తగ్గించమన్నారు. పంతొమ్మిది జిప్పులున్న సంచి గెలిచింది. జిప్పులు ఎన్ని ఉంటే అంత భద్రమని వెంకటసుబ్బయ్య వాదం. పెద్ద అర తెరుచుకునేది ఏ జిప్పుతోనో ఆరో సమావేశంలో కనిపెట్టారు.

అందులో పద్నాలుగు వస్తువులు ఉండాలని తీర్మానమైంది. స్థానిక పరిశ్రమను ప్రోత్సహించడం మన ధర్మం గనుక రెండు మార్కాపురం పలకలు తప్పనిసరి అయ్యాయి. వరదలో పలకతో ఏం చెయ్యాలని ఒకాయన అడిగితే, సుద్దముక్కతో 'కాపాడండి' అని రాసి చూపవచ్చునని సమాధానం వచ్చింది. సుద్దముక్క జాబితాలో చేర్చడం మరిచిపోయారు. బరువైన వస్తువు నైరుతిలో ఉండాలని వాస్తు చెప్పిన పెద్దమనిషి మాట మీద, సంచిని వాగు ఒడ్డును ఆనుకున్న నైరుతి గదిలోనే పెట్టారు. దసరాకు ఆయుధపూజలో పసుపూ కుంకుమా అద్ది నిమ్మకాయ కట్టారు.

నిబంధన ప్రకారం కమిటీలో గిరిజన ప్రతినిధి ఒకరు ఉండాలి. చెంచుగూడెం నుంచి కాశయ్యను పిలిపించారు. అడవిలో తేనె, చింతపండు ఏరుకునే మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి అంతా విని, అడిగితే ఒకే మాట అన్నాడు: "వాగు పోయే దోవలో ఆపీసు కట్టి, ఆపదొస్తాదని సంచి కొంటాండారు. ఆపీసునే మిట్ట మీదికి ఎక్కిస్తే పోలా సామీ?"

మినిట్స్ పుస్తకంలో వరప్రసాదం స్వహస్తంతో ఇలా రాశాడు: 'గిరిజన ప్రతినిధి సంచి రంగు పట్ల హర్షం వ్యక్తం చేశారు.'

సరే, కప్పు మీదికి వద్దాం. అటెండరు విశ్వాసం చొక్కా లోపలి నుంచి రిజిస్టరు తీశాడు. నీళ్ళు గదిలోకి వచ్చినప్పుడు కంప్యూటర్లను వదిలేసి అతను దీన్నే కాపాడాడు. సంచిలోంచి ఎవరేం తీసుకున్నా అందులో సంతకం పెట్టారు.

"బిస్కెట్లు, గ్లూకోజు. తీసుకున్నది వెంకటసుబ్బయ్య గారు," చదివాడు విశ్వాసం.

"సంచి ప్రారంభోత్సవానికి జిల్లా నుంచి పెద్దోళ్ళు రాలా?" అన్నాడు వెంకటసుబ్బయ్య. "ఉత్త టీ ఇస్తే ఊరి పరువేం గావాల?"

"తలనొప్పి మాత్రలు. కమిటీ సభ్యులందరూ. ఏడో సమావేశం నాడు."

అందరూ తలలు ఊపారు. ఆ సమావేశం గుర్తున్నవాళ్ళెవరూ దాన్ని తప్పు పట్టలేరు.

"టార్పాలిన్ పట్ట. ఓబులమ్మ, వేలిముద్ర."

పింఛను కోసం వచ్చి కప్పు మీద ఇరుక్కున్న ఓబులమ్మ గయ్యిమంది. "మిరపకాయలు ఎండబోసుకున్యా. ఏందబ్బయా, మొగులు బట్టినప్పుడు అది నాకు ఆపద గాదా? మీ ఆపదే ఆపదా?"

"లైఫ్ జాకెట్. వెంకటసుబ్బయ్య గారి మనవడు, స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి."

"ఫస్టు ప్రైజు వచ్చినాది," అన్నాడు తాత, వాన కారుతున్న మీసం దువ్వుకుంటూ.

"టార్చిలైటు, నేను. కరెంటు పోయినప్పుడు రిజిస్టరు చదివేదానికి. ఈల, లింగయ్య."

ఈల లింగయ్య మెడలోనే వేలాడుతోంది. వరప్రసాదానికి ప్రాణం లేచివచ్చింది. "ఊదన్నా! గట్టిగా ఊదు, రోడ్డు మీద ఎవరికన్నా వినపడతాది!"

"ఊదకూడదు సారూ," అన్నాడు లింగయ్య నిబ్బరంగా. "ఊదితే ఇంటికి పోదామని మేకలకు నేర్పినా. పదకొండూ నీళ్ళలోకి దూకుతాయి. వాటి ఖరీదు మీరు కడతారా?"

ఇలా పన్నెండు వస్తువులకూ లెక్క కుదిరింది. వీటిలో ఏదీ దొంగతనం కాదు. సంతకం ఉంటే వాడకం, లేకుంటేనే దొంగతనం. ఈ సూత్రం మీద ఎన్ని కార్యాలయాలు చెక్కుచెదరకుండా నిలబడ్డాయో మీకు నేను చెప్పాలా? పదమూడో వస్తువు పలకలు, అవి సంచిలోనే ఉన్నాయి.

"పద్నాలుగు," అన్నాడు విశ్వాసం. "నైలాన్ తాడు. నీలం రంగు, ముప్పై మీటర్లు. సంతకం... లేదు సార్."

కప్పు మీద మేకలు కూడా నెమరు ఆపాయి. ఇప్పుడు కావలసింది ఆ తాడే. అది ఉంటే మిట్ట మీదికి విసిరి, పట్టుకుని ఎప్పుడో దాటేవాళ్ళు.

"ఎవుడు వాడు?" అన్నాడు వెంకటసుబ్బయ్య పళ్ళు కొరుకుతూ. "సంతకం గూడా బెట్టకుండా తీసినాడంటే వాడు పచ్చి దొంగ!"

"పచ్చి దొంగే," అన్నాడు వరప్రసాదం. ఆ మాట అంటున్నప్పుడు అతని నోరు ఎండిపోయింది, అంత వానలోనూ.

ఎందుకంటే ఆ తాడు తీసింది అతనే. 'తొలి ఆపద సంచి గ్రామానికి స్వాగతం' అని, తన ఫోటో కూడా ఒక మూల పెట్టించి, ఇరవై అడుగుల ఫ్లెక్సీ వేయించాడు. దాన్ని గేటు స్తంభాలకు కట్టడానికి గట్టి తాడు కావలసి వచ్చింది. రిజిస్టరు తన అధీనంలోనే ఉన్నప్పుడు తనకు తానే సంతకం పెట్టుకోవడం ఏం మర్యాదని ఊరుకున్నాడు. ఈ ఉదయం ఎనిమిదింటికి ఆ ఫ్లెక్సీ, తాడుతో సహా, అతని కళ్ళ ముందే వాగులో కొట్టుకుపోయింది. పోతూ పోతూ ఫోటోలోని వరప్రసాదం అతన్ని చూసి నవ్వాడు.

ఇంకా సమయం ఉంది. లెక్క సరిచూస్తానని రిజిస్టరు అందుకుని, అందరికీ వీపు తిప్పి, పద్నాలుగో గడి మీద పెన్ను పెట్టాడు. నానిన కాగితం మీద పెన్ను రాయలేదు. గట్టిగా నొక్కాడు. కాగితం చిరిగింది. గడి ఉన్నచోట చిల్లు పడింది.

అప్పుడే మిట్ట మీద కేకలు వినిపించాయి. జనాన్ని తోసుకుంటూ కాశయ్య వస్తున్నాడు. వెనకే అతని భార్య ముత్యాలమ్మ. కాశయ్య భుజాన చుట్టలు చుట్టిన నార తాడు ఉంది. కొండ చరియల మీంచి తేనెపట్టు దగ్గరికి దిగడానికి వాళ్ళు పేనుకునే తాడు అది. ఒక కొస వేప మొద్దుకు బిగించి, రెండో కొస నడుముకు కట్టుకుని, కాస్త ఎగువకు పోయి వాగులోకి దూకాడు. ప్రవాహం అతన్ని ఏటవాలుగా నెట్టుకొచ్చి సచివాలయం గోడకు కొట్టింది. కప్పు మీదికి పాకి, పై అంతస్తు కోసం వదిలేసిన ఇనుప చువ్వలకు తాడు బిగించాడు. ఆ పై అంతస్తు నిధులు ఎప్పుడో ఖర్చయ్యాయి. చువ్వలైనా పనికొచ్చాయి.

"నిన్ను ఎవరు పంపినారు?" అడిగాడు వరప్రసాదం అలవాటు కొద్దీ. "ఆర్డరుండాదా?"

"ఎవురు పంపుతారు సామీ? మునిగిపోతాండేది కనపడతాంది గదా." కాశయ్య దగ్గుతూనే ఓబులమ్మ వైపు తిరిగాడు. "రా అవ్వా, నా మెడ పట్టుకో. కిందికి జూడొద్దు."

"చూసేదానికి నాకు కండ్లేడుండాయి నాయనా? పింఛను ఇయ్యకుండా వీళ్ళను మాత్రం వదలబాక."

ఓబులమ్మను, విశ్వాసాన్ని, లింగయ్యను, వెంకటసుబ్బయ్యను, వరప్రసాదాన్ని వరసగా దాటించాడు. తర్వాత పదకొండు మేకలను ఒక్కొక్కటిగా మెడ మీద వేసుకుని మోశాడు. అంతా అయిపోయాక, సంచి అక్కడే ఉండిపోయిందని వెంకటసుబ్బయ్య గుర్తు చేస్తే, దానికోసం మళ్ళీ వెళ్ళాడు. పలకల బరువుకు రెండుసార్లు మునిగి లేచాడు.

సరిగ్గా పన్నెండుకు పరిశీలకులు జీపు దిగారు. ఎవరో గొడుగు పట్టారు. తడి సంచిని చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"సోదరులారా! ఈరోజు ఒక సంచి ఐదు నిండు ప్రాణాలను, పదకొండు మూగజీవాలను కాపాడింది. అందులోని పలకలు సైతం చెక్కుచెదరలేదు. ముందుచూపుతో ఎంపిక చేస్తే ఫలితం ఇలా ఉంటుంది!"

జనం చప్పట్లు కొట్టారు. పడవ అవసరం తీరిపోయింది. గడి అవసరం మాత్రం తీరలేదు. ఆయన కాగితం తీశారు. "తాడు లెక్క ఒక్కటే తేలలేదన్నారు. ఇంతకీ ఇక్కడ తాడు ఎవరి దగ్గరుంది?"

అందరి చూపులూ మెల్లగా వేప మొద్దు వైపు తిరిగాయి. అక్కడ కాశయ్య వణుకుతూ, తాడు ముడి విప్పి చుట్టలు చుడుతున్నాడు. ముత్యాలమ్మ కొంగుతో అతని తల తుడుస్తోంది.

"మన తాడు నీలంది గదా సార్, అది నారది," అన్నాడు విశ్వాసం సందేహంగా.

"రెండు గంటలు వాగులో నానితే నీలం నిలుస్తాదా ఏంది?" అన్నాడు వెంకటసుబ్బయ్య.

"కానీ ఇది అరవై మీటర్లన్నా ఉంటాది..."

"నానితే సాగుతుంది," అన్నారు పరిశీలకులు, శాస్త్రీయంగా. "రిజిస్టరులో అతని సంతకం ఉందా?"

"లేదు సార్."

"ఒరే, మీ నోర్లు బడిపోను!" అంది ఓబులమ్మ. "వాడు లేకపోతే ఈపాటికి మీ పెళ్ళాలు..."

"అవ్వా, నీ పింఛను ఇంకా పెండింగులో ఉన్నట్టుందే?" అన్నారు పరిశీలకులు మృదువుగా. ఓబులమ్మ ఆ గొంతు వచ్చిన వైపు చూసి, వరప్రసాదం వైపు తిరిగి, నోరు మూసుకుంది.

పరిశీలకులు పెన్ను మూత తీశారు. ఒక చేతిలో నివేదిక, దాని కింద ప్రొబేషన్ కాగితం. "కార్యదర్శి గారూ, మీరే చెప్పాలి. గట్టిగా చెప్పండి. సాక్షులకు వినపడాలి."

వరప్రసాదం నాలుక చివరి దాకా తన పేరే వచ్చింది. అతను మంచివాడు, అందులో సందేహం లేదు. ఒక్క క్షణం అందరి ముఖాల్లోకీ చూశాడు. పేరు అందరి నోళ్ళలోనూ అప్పటికే సిద్ధంగా ఉంది, అనడానికే మొహమాటపడుతున్నారు. పెద్దమనుషులు గనుక అట్లా ఊరుకున్నారు. ఇంతదాకా చదివిన మీరూ పెద్దమనుషులే. కాబట్టి ఎవరో ఒకరు అనక తప్పదు.

"కాశయ్య!" అన్నాడు వరప్రసాదం, మిట్ట అంతా వినపడేలా.

"ఆఁ, వస్తాండా సామీ! ఇంకా ఎవురన్నా ఉండారా లోపల?" అంటూ కాశయ్య తాడు భుజాన వేసుకుని వాగు వైపు పరుగెత్తాడు.