వాగు మీద మర్యాద

గురువారం ఉదయం పదింటికి తెలుగు రాజకీయాల్లో తిట్ల యుగం ముగుస్తుందని చెంచురామయ్యగారూ, అనిల్‌కుమార్‌గారూ ఉమ్మడి ప్రెస్‌నోట్ పంపారు. టేకులపల్లి అడవిలో చరిత్ర మొదలవుతుంటే విలేకరిని, ఇంట్లో కూర్చోలేను కదా. వెళ్లాను.

చెంచురామయ్యగారిది అధికార పక్షం. అనిల్‌కుమార్‌గారిది ప్రతిపక్షం. వాగు మీద కొత్త వంతెన తెచ్చింది తానంటే తానని మొన్నటిదాకా ఒకరి శిలాఫలకాన్ని ఒకరు పగలగొట్టుకున్నారు. ఇప్పుడు రాజీ. చెరో ఫలకం, చెరో కత్తెర. అవతలి ఒడ్డున నాటుకోడి భోజనాలు.

ఆ ఒడ్డునే ఊరి పెద్ద పగిడయ్య కోడలు దుర్గకు పొద్దుటి నుంచి నొప్పులు. అంబులెన్స్ ఇవతల, రిబ్బన్ దగ్గర ఆగి ఉంది. ప్రారంభం కాకుండా వంతెన ఎక్కితే ప్రోటోకాల్ ఒప్పుకోదని పోలీసులు డ్రైవర్‌కు మర్యాదగా చెప్పారు.

పగిడయ్య వాగులోంచి తడి బట్టలతో వచ్చి దండం పెట్టాడు.

"జల్దీ కానియ్యుండ్రి సారూ. మా ఊర్ల కట్టిచ్చినోడే ముందుగాల దాటి గట్టితనం చూపియ్యాలె, గా తర్వాతనే బండ్లు. మీ ఇద్దర్ల కట్టిచ్చిందెవలు?"

కత్తెరలు రెండూ గాలిలో ఆగాయి. నాయకులు వంతెన వైపు చూశారు. తర్వాత కాంట్రాక్టర్ వైపు చూశారు. అతను ఇద్దరికీ కావలసినవాడు. అతను నేల వైపు చూశాడు.

"ఇదంతా నీ కష్టమే తమ్మీ," అన్నారు చెంచురామయ్యగారు.

"ఎంత మాటన్నా. సాంక్షన్ మీది. ముందు మీరే నడవాలె."

"నువ్వు ధర్నా చెయ్యకుంటే సాంక్షన్ ఏడిది?"

ఇంతటి వినయం నేను అసెంబ్లీలో కూడా చూడలేదు. ఒకరి త్యాగాన్ని ఒకరు అరగంట పొగిడారు. కార్యకర్తలు కళ్లు తుడుచుకున్నారు. అనిల్‌కుమార్‌గారు ఉద్వేగం ఆపుకోలేక తన శిలాఫలకాన్ని తానే పగలగొట్టుకున్నారు. చెంచురామయ్యగారు మర్యాదలో వెనకబడే మనిషి కాదు. ఆయనా సుత్తి అడిగారు.

పగిడయ్య వచ్చిన దారినే వాగులోకి దిగిపోయాడు. కాసేపటికి నలుగురు మనుషులు దుర్గను మంచం మీద పడుకోబెట్టి, భుజాలకెత్తుకుని, నడుములోతు నీళ్లలో ఇటు వస్తూ కనిపించారు.

అదే సమయానికి అవతలి ఒడ్డు నుంచి కోడికూర వాసన వచ్చింది.

నాయకులిద్దరూ చెప్పులు విప్పి, పంచెలు ఎగగట్టి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని వాగులోకి దిగారు. నడి వాగులో మంచం ఎదురైంది. ఇద్దరూ ఒకేసారి పక్కకు తప్పుకుని నమస్కారం పెట్టారు.

దుర్గ పళ్లు బిగబట్టి అంది: "పంచెలు తడుస్తున్నయ్ గద సారూ. పైనుంచి పోరాదు?"

"ముందు అన్న పోవాలె," అన్నారు అనిల్‌కుమార్‌గారు, నడుములోతు నీళ్లలోంచి వంతెన వైపు చెయ్యి చూపిస్తూ.

అంబులెన్స్ దుర్గను ఎక్కించుకుని భద్రాచలం వైపు వెళ్లిపోయింది. నేను ఫోటో తీశాను. నాయకులిద్దరూ చక్కగా వచ్చారు. వాళ్ల తలల పైన వంతెన, రిబ్బన్‌తో సహా.