అత్తగారి పేరున గడ్డి

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మూడో ఆదివారం ఉదయం, పూజ నుంచి తిరిగొస్తూ కోడలు ఆ రోజు పనులను మనసులో వరుసగా పెట్టుకుంది. ముందు గాయక బృందం అంగీలకు గుండీలు కుట్టాలి. తరవాత వంట. సాయంత్రం ఆకుల చక్రంలో రెండు ఊదా కొవ్వొత్తులతో పాటు గులాబీ రంగుది కూడా వెలిగించి, అందరూ కలిసి జపం చేసుకున్నాక, అత్తగారిని ఒక మాట అడగాలి. ఆ మాట గురించి ఆలోచిస్తూ కుట్టడంతో ఒక అంగీకి గుండీ ఎక్కువైంది.

అత్తగారు అంతకుముందు కూతురింట్లో ఉండేది. ఆగమన కాలం మొదలయ్యే ముందు ఒక పెట్టెతో కొడుకింటికి వచ్చి, "క్రిస్మస్ దాకా ఉండి చూస్తాను. తరవాత సంగతి తరవాత," అంది. కోడలు దర్జీ. ఆమెకు తల్లి లేదు. కుట్టుమిషను పక్కన కూర్చుని అంచులు మడిచి ఇస్తూ కబుర్లు చెప్పే మనిషి ఆమెకు ఇన్నాళ్లకు దొరికింది. అత్తగారు ఉండిపోవాలని ఆమె కోరిక. అడిగితే మొహమాట పెట్టినట్టవుతుందని రోజూ వాయిదా వేస్తూ వచ్చింది.

ఇక గడ్డి సంగతి. ఇంట్లో ఒక ఖాళీ తొట్టి పెట్టుకోమని ఫాదర్ గారు మొదటి ఆదివారం ప్రసంగంలో చెప్పారు. ఇంట్లో ఎవరికైనా చెప్పకుండా ఒక మేలు చేస్తే, వాళ్ల పేరున అందులో ఒక గడ్డిపోచ వేయాలి. పండుగ నాటికి బాలయేసుకు పడక తయారవుతుంది. గడ్డి సరిపోని వాళ్లు తనను అడగమన్నారు, గుడిలో పశువుల పాక కోసం తెప్పించింది ఉందన్నారు.

ఇంటాయన లిఫ్టు మెకానిక్. విడిభాగాలు వచ్చిన చెక్కపెట్టెతో తొట్టి చేశాడు, ఆ పెట్టెలోని గడ్డే ఇంటికి తెచ్చాడు. గడ్డిపోచ వేయడం రెండో రోజుకే వాళ్ల చిన్న కూతురి నోట్లో 'గడ్డి పెట్టడం' అయింది. ఆ మాటకు చీవాట్లు పెట్టడమనే అర్థం కూడా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. మొదట్లో దానికి నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి అలవాటై నవ్వడం మానేశారు.

అత్తగారి కూతురు ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె లేనప్పుడు ఇంట్లో అందరూ ఆమెను మేజర్ అంటారు. ఆదివారం వంట వేళకు ఆమె తల్లికి ఫోన్ చేసింది.

"మాత్రలు వేసుకున్నావా?"

"వేసుకున్నానే."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "ఏమండీ, అత్తయ్యకి ఇవాళ గడ్డి పెట్టారా?"

"పొద్దున్నే పెట్టా. నువ్వో?"

"రెండుసార్లు పెట్టా. రాత్రిలోపు ఇంకోటి పెడతా."

ఆ మాటలు ఫోన్‌లో మేజర్ చెవిన పడ్డాయి. "అమ్మా, నీకు గడ్డి పెడుతున్నారా?" అని మేజర్ అడిగింది.

"పెడుతున్నారే. పోటీపడి పెడుతున్నారు."

"చిన్నది కూడానా?"

"అదే అందరికంటే ఎక్కువ. బడి నుంచి వచ్చి సంచి కూడా దించదు, ముందు గడ్డి పెట్టాల్సిందే."

"నువ్వు ఊరుకుంటున్నావా?"

"ఎందుకు ఊరుకుంటాను? మొన్న మీ తమ్ముడికి నేనూ పెట్టాను. మొదట్లో కొత్తగా ఉండేది కానీ, ఇప్పుడు పెట్టకపోతే తోచడం లేదు."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్పకూడదే. చెబితే విలువ పోతుంది."

మేజర్ ఫోన్ పెట్టేసి తమ్ముడు వాళ్ల గుడి ఫాదర్ గారికి చేసింది.

"ఫాదర్, మా తమ్ముడింట్లో గడ్డి వ్యవహారం మీ దాకా వచ్చిందా?"

"వచ్చిందమ్మా. మీ అమ్మగారికి బాగా పెడుతున్నారట. చాలా సంతోషం."

ఫాదర్‌ని కూడా బుట్టలో వేసుకున్నారని మేజర్‌కి అర్థమైంది. అయినా వదల్లేదు. "సంతోషం కాదు ఫాదర్. మీరే స్వయంగా వెళ్లి మా మరదలికి గడ్డి పెట్టాలి. ఇవాళే."

"దానికేం, పెడతాను. ఎంత పెట్టమంటారు?"

"మీకు చేతనైనంత. మొహమాటపడకండి."

మేజర్ భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు. హెడ్ నర్సు ఉన్న ఇంట్లో ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. తమ్ముడింటికి వెళ్లే దారిలో మేజర్ ఆయనకు చేయాల్సింది చెప్పింది. "అమ్మ పెట్టె వెనకెక్కించండి. అమ్మ కూడా వెనకే పడుకుని వస్తుంది, పరుపు వేశాను. వెనక తలుపు పడిన చప్పుడు కాగానే పోనివ్వండి. నేను వీళ్ల సంగతి చూసి బస్సులో వస్తా."

మెడలో టేపు వేసుకుని కోడలు తలుపు తీసింది. "రండి వదినా. చెప్పకుండా వచ్చారేం?"

"చెబితే విలువ పోతుందట కదా," అని మేజర్ నేరుగా తల్లి గదిలోకి వెళ్లింది. తల్లి స్నానానికి వెళ్లింది. మేజర్ మంచం కింది పెట్టె లాగి, బట్టలు అందులో కుక్కడం మొదలుపెట్టింది.

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తయ్య రమ్మన్నారా?"

"ఇప్పటికి నోరు తెరిచి చెప్పింది, పాపం."

ఇందాక ఫోన్‌లో మాట్లాడింది ఇదన్నమాట అనుకుంది కోడలు. బట్టలు నలిగిపోవడం చూడలేక మేజర్ చేతిలోంచి తీసుకుని, ఒక్కొక్కటే మడతపెట్టి పెట్టెలో సర్దింది. అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చి అది చూసింది.

"సర్దుతున్నావా అమ్మా?"

"సర్దుతున్నా అత్తయ్యా."

ఎందుకని అత్తగారు అడగలేదు, వెళ్లొద్దని కోడలు అనలేదు. అల్లుడు పెట్టె తీసుకుని బయటికి వెళ్లాడు. కోడలు హాల్లోకి వచ్చి, తొట్టిలో అత్తగారి పేరున మరో గడ్డిపోచ పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుంది.

"అక్కా, అసలేం జరిగింది?" అని మెకానిక్ అడిగాడు.

"ఒరేయ్, నువ్వు మాట్లాడకు. పిల్ల చేత కూడా పెట్టిస్తావా?"

అదే సమయానికి ఫాదర్ గారు వీధిలో స్కూటరు దిగారు. ముందున్న వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. ఎవరో మరిచిపోయి ఉంటారని, పని చేసినట్టు ఎవరికీ తెలియకుండా దాన్ని వేసి, గోనెసంచి భుజానికెత్తుకుని మెట్లెక్కారు. వ్యాను కదిలింది.

"ఎవరికమ్మా గడ్డి?" గుమ్మంలోంచే అడిగారాయన.

మేజర్ వేలెత్తి కోడల్ని చూపించింది. "ఈమెకే ఫాదర్. గట్టిగా."

ఫాదర్ గారు సంచి తెచ్చి కోడలి చేతుల్లో పెట్టారు. బరువుకు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. సంచి మూతి ఊడి గడ్డి మేజర్ చెప్పుల మీద పడింది.

"ఇదేంటి ఫాదర్?"

"గడ్డి. మీరే కదా మొహమాటపడకుండా పెట్టమన్నారు."

"అత్తా, ఇంత గడ్డి పట్టదు," అని చిన్నది తొట్టిని ఎత్తి చూపించింది. "ఇదంతా నానమ్మకి పెట్టిందే. మా అందరిదీ ఈ మూలన కొంచెం."

మేజర్ తొట్టినీ సంచినీ చూసింది. ఆసుపత్రిలో ఆమె నిలబడే పని చేస్తుంది. ఇక్కడ కూర్చుంది. ఎవరు ఎవరికి ఏం పెట్టారో తేలడానికి కాసేపు పట్టింది. తేలాక, గదిలోంచి వచ్చి అంతా విన్న అత్తగారు కోడలివైపు తిరిగింది.

"అయితే నన్ను పంపించడానికి కాదా సర్దింది?"

"మీరు వెళ్లిపోతున్నారని సర్దాను."

"నేను వెళతానని ఎవరన్నారు?"

"క్రిస్మస్ దాకా చూస్తానన్నారుగా."

"మీరు నన్ను ఎన్నాళ్లు భరిస్తారో చూద్దామని అన్నాను. సరే, ఇప్పుడు ఏడుపెందుకు?"

"సాయంత్రం జపం అయ్యాక మిమ్మల్ని ఉండిపొమ్మని అడుగుదామనుకున్నా."

"అడుగు మరి."

"ఇంకా కొవ్వొత్తి వెలిగించలేదు అత్తయ్యా."

"వెలిగించు. ఫాదర్ గారు ఎలాగూ ఉన్నారు."

ఊదావి రెండూ, గులాబీ రంగుదీ వెలిగాయి. మేజర్ కొంగుతో కళ్లు ఒత్తుకుని, అగ్గిపుల్ల అలా పట్టుకోకూడదని మేనకోడలికి చెప్పింది. జపం అయ్యాక కోడలు అడిగింది. అత్తగారు, "ఇన్నాళ్లు పట్టిందా నీకు?" అంది. ఆ ఇంట్లో దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. మేజర్ భర్త.

"ఇల్లొచ్చింది. అత్తయ్యగారు దిగడం లేదు. నిద్రపోతున్నారేమో అని లేపలేదు."

"వెనక తలుపు తీసి చూడండి."

కాసేపటికి ఆయన, "పెట్టె ఉంది," అన్నాడు.

"రేపు తెచ్చిస్తానమ్మా," అంది మేజర్.

"తొందరేముంది? ఇక్కడ కుట్టే మనిషి ఉంది," అని అత్తగారు చేతులు చాచి నిలబడింది. కోడలు మెడలోని టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది.

పెట్టె పండుగ దాకా అల్లుడి దగ్గరే ఉంది. దానికి అక్కడ ఎవరూ గడ్డి పెట్టలేదు.